పడుగు గంజి, పళ్ళ సందులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వగా నేను చూడలేదు. అది సిగ్గని చుట్టాలు మెచ్చుకునేవాళ్ళు. సిగ్గూ కాదు, పాడూ కాదు. పళ్ళు లేక! మా అమ్మకు ముప్పై నిండకముందే ముందు పళ్ళు మూడు పోయాయి. పుంగనూరు సంతలో పళ్ళు పీకే మనిషి ఒకడు ఉండేవాడు. నొప్పి అంటే చాలు, తీసుకెళ్ళి అతని ముందు కూర్చోబెట్టేవాళ్ళు. కుప్పంలో ఉన్న మా మేనత్తదీ అదే కథ. ఇద్దరు పిల్లలు పుట్టాక ఆడదానికి పళ్ళు పోవడం మామూలేనని అందరూ ఎంత నింపాదిగా అనేవాళ్ళో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది మదనపల్లెలో నేతపనివాళ్ళ వీధి. ఇంట్లో రెండు మగ్గాలు, ఒకదాని మీద పట్టు, ఇంకోదాని మీద నూలు. నాకు పదకొండో ఏడు నడుస్తుండగా చల్లనీళ్ళు తాగితే పై ముందు పళ్ళు జివ్వుమనడం మొదలైంది. మా అవ్వ, అంటే మా నాన్నను కన్నతల్లి, వెంటనే పుంగనూరు మాట ఎత్తింది. నేను పరిగెత్తుకెళ్ళి మగ్గం గుంతలోకి దిగి కూర్చున్నాను. నేత నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే గుంత అది. బువ్వ పెడతామన్నారు, బెల్లం ఇస్తామన్నారు, కర్ర తెస్తామన్నారు. నేను బయటికి రాలేదు. మా అమ్మలాగా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వను గాక నవ్వనని లోపలినుంచే అరిచాను. ఆ మాట అమ్మ విన్నది. మర్నాడు ఎవరినీ అడక్కుండా నన్ను ఊళ్ళోని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది.

అక్కడి పళ్ళ డాక్టరమ్మ నా చేతికి అద్దం ఇచ్చి, రెండు ముందు పళ్ళ మధ్య సందులో ఉన్న తెల్లటి మచ్చ చూపించింది. అది ఇంకా గుంత పడలేదని, ఆపితే ఆగుతుందని, ఆపకపోతే పన్ను పోతుందని చెప్పింది. ఒక పేస్టు రాసిచ్చింది. అందులో ఫ్లోరైడు అనే మందు ఉంటుందని, ఆ మందు పళ్ళ సందుల్లోకి పోవాలని, పోయి కాసేపు అక్కడే ఉండాలని అంది. నేను తల ఊపాను. ఏం అర్థమైందని ఊపానో ఆ దేవుడికే తెలియాలి.

గట్టిగా తోమితే మందు బాగా పడుతుందనుకున్నాను. చిగుళ్ళు రక్తం కారేలా తోమాను. తోమాక మా అవ్వ చట్టం ఒకటుండేది. చెంబెడు నీళ్ళు అయిపోయేదాకా పుక్కిలించి ఉమ్మాలి. అంతవరకు నోరు ఎంగిలి. ఎంగిలి నోటితో వంటింటి గడప దాటకూడదు, మగ్గం ముట్టకూడదు. మా వీధిలో ఏ ఇంట చూసినా అంతే. అవ్వ పక్కనే నిలబడి చూసేది. చెంబులో చుక్క మిగిలినా వదిలేది కాదు. రెండు నెలల తర్వాత డాక్టరమ్మ మళ్ళీ చూసి పెదవి విరిచింది. మచ్చ పెరిగింది. ఇంకో ఆరు నెలల్లో ఆగకపోతే పన్ను మీద ఆశ వదులుకోవాలంది. దారి పొడుగునా ఏడ్చాను. బాధతో కాదు, కోపంతో. అంత రక్తం వచ్చేలా తోమినా ఆ మచ్చకు నామీద జాలి లేదే అని!

ఆ సాయంత్రం మా తాత నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, ఎలా తోముతున్నావో చూపించమన్నాడు. తోమాను. చెంబు నీళ్ళు ఖాళీ చేశాను. ఆయన ఊఁ అని లేచి వెళ్ళిపోయాడు. దానికి నాకు ఇంకా ఉక్రోషం వచ్చింది.

మర్నాడు తెల్లవారుతూనే వీధిలో నూలు పడుగు పరిచారు. మగ్గానికి ఎక్కించబోయే నిలువు పోగులన్నిటినీ ఆ చివరనుంచి ఈ చివరకు బిగించి, పోగు గట్టిపడటానికి గంజి పట్టిస్తారు. ఎప్పుడూ నన్ను దగ్గరికి రానివ్వని తాత ఆ రోజు పెద్ద కుంచె నా చేతికిచ్చి, నువ్వే పట్టించు అన్నాడు. గొప్పగా ఈ చివరనుంచి నాలుగు బారల దాకా బరబరా రుద్దేశాను. ఆయన వంగి, రెండు వేళ్ళతో పోగులు విడదీశాడు.

"సూడు, పైన తడిసిండాది. సందులో యాడ తడిసిండాది?"

నిజమే, లోపలి పోగులు పొడిగా ఉన్నాయి. ఆయన కుంచెను మెల్లగా, పోగుల మధ్యకు దిగేలా అద్దుతూ చూపించాడు. నేను అలాగే చేశాను. ఈసారి సందులన్నీ తడిశాయి. అప్పుడు ఆయన చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇంక దీన్ని బాగా కడిగేయమ్మా."

"అయ్యో, కడిగితే గంజంతా పోదా తాతా? ఇంత సేపూ పట్టించింది యాల?"

తాత నా నోటి వైపు చూశాడు. నేను చేతిలోని చెంబు వైపు చూశాను. రోజూ అవ్వ నాతో ఖాళీ చేయించే చెంబే అది.

ఆ పూటే తెగిన పట్టుపోగులు రెండు మెలేసి ఇచ్చాడు. దానికి పేస్టు పూసి పళ్ళ సందులోకి మెల్లగా దించాలి, ఒక పంటి పక్కకు ఒకసారి, రెండో పంటి పక్కకు ఒకసారి ఆనించి పైకీ కిందికీ ఆడించాలి, సర్రున లాగితే చిగురు తెగుతుంది. ఆ తర్వాత బ్రష్షుతో నెమ్మదిగా తోమి, ఆ నురగనే సందుల్లో ఆడేలా పుక్కిలించి ఉమ్మెయ్యాలి. నీళ్ళు పోయకూడదు. ఇది ఏ డాక్టరూ ఆయనకు చెప్పలేదు. డాక్టరమ్మ చెప్పిన నాలుగు మాటలు అమ్మ నోట విని, తనకు తెలిసిన పనిలోంచి అర్థం చేసుకున్నాడు.

మర్నాడు నేను ఉమ్మేసి, చెంబు ముట్టకుండా లేచాను. అవ్వ గడపకు అడ్డం నిలబడింది.

"ఎంగిలి నోటితో యాడికొస్తాండావే?"

"మందు కడుక్కోను" అన్నాను.

"అయితే లోపలికి రావద్దు."

"రాను."

ఒక గంట అరుగు మీద కూర్చున్నాను. బడికి పోతూ పిల్లలు నవ్వారు. అమ్మ కంచం పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, అవ్వను చూసి వెనక్కి పోయింది. రెండో రోజూ అంతే. ఆకలికి కడుపులో ఎలుకలు పరిగెత్తాయి గానీ నేను చెంబు ముట్టలేదు. మూడో రోజు మా తాత నా పేస్టు అడిగి తీసుకుని తోమి, ఉమ్మేసి, నీళ్ళు ముట్టకుండా వచ్చి నా పక్కన చతికిలబడ్డాడు. ఆయన నోట్లో ఉన్నవి నాలుగు పళ్ళు. అవి కూడా ఒకదాని పక్కన ఒకటి లేవు!

"నాదీ ఎంగిలి నోరే. నాకూ ఈడనే పెట్టు" అని లోపలికి కేకేశాడు.

కట్టుకున్నవాణ్ణి అరుగు మీద పస్తు కూర్చోబెట్టడం మా అవ్వ వల్ల కాలేదు. గొణుక్కుంటూ రెండు కంచాలు తెచ్చి మా ముందు పెట్టింది. ఆ రోజు తిన్న రాగి సంగటి రుచి ఇంకెప్పుడూ రాలేదు నాకు.

అప్పటినుంచి మా ఇద్దరి పొద్దుటి తిండి అరుగు మీదే. ఆరు నెలలకు డాక్టరమ్మ అద్దం పెట్టి చాలాసేపు చూసింది. మచ్చ ఉన్నచోటే ఆగిపోయింది, గట్టిపడింది, ఇక భయం లేదంది. ఇంటికి వచ్చేటప్పుడు అమ్మ వీధి మలుపులో ఆగి, ఆ పట్టుపోగు ఎలా వాడాలో తనకు చూపించమంది.

మర్నాడు పొద్దున్నే అమ్మ పెరట్లో తోమి, ఉమ్మేసి, చెంబును బోర్లించి వచ్చింది. అవ్వ గడపలోనే ఉంది. అమ్మ తగ్గలేదు.

"ఉండే పళ్ళన్నా ఉండనీ అత్తా. లోపలికి రావద్దంటే రాను. పొయ్యి నువ్వే ముట్టించుకో" అని వచ్చి మా పక్కన అరుగు మీద కూర్చుంది.

ఆ ఇంట్లో కోడలు ఆ గొంతుతో మాట్లాడటం అదే మొదలు. పొయ్యి ముట్టించడం అలవాటు తప్పి ఎన్నేళ్ళయిందో ఏమో, అవ్వ గడప వదిలి పక్కకు తప్పుకుంది.

"రాండి, రాండి. పొద్దెక్కతాండాది."

అది విని మా తాత పకపకా నవ్వాడు. నేను నవ్వాను. అమ్మ కూడా నవ్వింది. కొంగు వైపు పోయిన చెయ్యి సగంలో ఆగి, మళ్ళీ ఒళ్ళోకి దిగింది. పళ్ళ మధ్య ఖాళీలతో సహా ఆ నవ్వంతా వీధికి కనిపించింది.

ఇప్పుడు నా వయసు తాత వయసుకు చేరువైంది. ఆ రెండు పళ్ళూ నా నోట్లోనే ఉన్నాయి. ఈ వయసులో ఆడది అంత పెద్దగా నవ్వితే బాగుండదని ఈమధ్య కూడా ఎవరో పెద్దమనిషి పెళ్ళిలో అన్నాడు. ఆయన వైపే తిరిగి ఇంకా పెద్దగా నవ్వాను. నా చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి.