ఐరనీకి నేను చెప్పిన ఉదాహరణ

డిగ్రీ రెండో సంవత్సరంలో పొద్దున కాలేజీకి వెళ్లి, మధ్యాహ్నం నుంచి అబిడ్స్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో పనిచేసేదాన్ని. చీరలకు సరిపోయే జాకెట్టు గుడ్డలు, ఫాల్స్, లైనింగులు అమ్మే దుకాణం అది. పదో తరగతి దాకా మా ఊళ్లో తెలుగు మీడియంలో చదివాను. ఇంటర్ ఎట్లాగో గట్టెక్కాను. డిగ్రీలో ఇంగ్లిష్ సాహిత్యం ఎందుకు తీసుకున్నావని ఎవరైనా అడిగితే నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. సీటు వచ్చింది, చేరాను.

అక్కడ కవిత చదవడానికి ముందే చాలా పేర్లు నేర్చుకోవాలని మొదటి నెలలోనే తెలిసింది. సిమిలీ, మెటాఫర్, అలిటరేషన్, ఐరనీ. మిగతావాళ్లు ఈ మాటలు స్కూల్లోనే విని వచ్చారు. నేను ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లో వెతికి, అట్ట ఊడిపోయిన సాహిత్య పదాల నిఘంటువు ఒకటి కొన్నాను. అందులో సగం నిర్వచనాలు అర్థం కాలేదు. అర్థం కానివాటిని బట్టీ పట్టడం మొదలుపెట్టాను.

గుడ్డల ప్యాకెట్లలో వచ్చే తెల్ల అట్టలను ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క మీద ఒక పదం, దాని కింద నిర్వచనం రాసుకునేదాన్ని. గిరాకీ లేని వేళ ఒక ముక్క తీసి నా పక్క కౌంటర్ అక్క చేతిలో పెట్టేదాన్ని.

అక్కకు నలభై దాటాయి. పదిహేనేళ్లుగా ఆ దుకాణంలోనే ఉంది. ఎవరైనా చీర ముందు పెడితే కొంగు ఒకసారి వేళ్ల మధ్య పట్టి చూసి, వెనక్కి తిరిగి వందల తానుల్లోంచి ఒక్కటే లాగేది. ట్యూబ్‌లైటు కింద రంగు వేరు, ఎండలో రంగు వేరు అంటూ కొనేవాళ్లను గుమ్మం దాకా నడిపించుకుపోయి చూపేది. బిల్లు మాత్రం ఎప్పుడూ నాతోనే రాయించేది. కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయానని అనేది. ఆమె పదో తరగతి చదివిందని దుకాణంలో అందరం అనుకునేవాళ్లం.

నేను నిర్వచనం అప్పజెబుతుంటే ఆమె అట్ట ముక్క చూస్తూ వినేది.

"నడుమల ఒక మాట ఎగ్గొట్టినవ్," అనేది. "నిన్న గిట్ల చెప్పలే."

చూసుకుంటే నిజంగానే ఒక మాట తప్పి ఉండేది. నెల రోజుల్లో నా తప్పులు సగానికి తగ్గాయి.

ఒకరోజు నేను మెటాఫర్ నిర్వచనం మొత్తం ఆగకుండా చెప్పాను. "కరెక్ట్," అంది అక్క. అట్ట ముక్క తిరిగి తీసుకుని చూస్తే అది అలిటరేషన్‌ది. తొందరలో నేనే తప్పు ముక్క ఇచ్చాను. నేను తల ఎత్తేసరికి ఆమె నా ముఖమే చూస్తోంది.

"నాకు చదువు రాదు చెల్లె," అంది మెల్లగా. "రోజు వింటున్న గదా, చెవుల పడ్డది గుర్తుంటది. నా చేతిల ముక్క ఉంటే నువ్వు సక్కగ చెప్తున్నవ్, గందుకే పట్టుకుంటున్న."

"మరి పది చదివినవని..."

"గట్ల చెప్తేనే సేఠ్ పనిల పెట్టుకున్నడు. ఎవ్వలకు చెప్పకు."

చెప్పనన్నాను. అన్నప్పుడు నిజంగానే చెప్పకూడదనే అనుకున్నాను.

రెండు వారాల తర్వాత క్లాసులో మేడం ఐరనీ గురించి చెప్పి, పుస్తకంలోది కాకుండా మీ సొంత జీవితంలోంచి ఒక ఉదాహరణ ఇవ్వండి అన్నారు. ఎవరూ లేవలేదు. ఏడాదిన్నరలో మొదటిసారి నేను లేచి నిలబడ్డాను. నేను పనిచేసే దుకాణంలో రోజూ నా ఇంగ్లిష్ పాఠం అప్పజెప్పించుకుని తప్పులు దిద్దే మనిషికి ఒక్క అక్షరం కూడా చదవడం రాదని, వచ్చీరాని ఇంగ్లిష్‌లో చెప్పాను. మేడం ఇంకోసారి చెప్పమని, అందరినీ రాసుకోమన్నారు. ముందు బెంచీలో ఎప్పుడూ నా వైపు తిరగని అమ్మాయిలు వెనక్కి తిరిగి చూశారు.

ఆ మధ్యాహ్నం దుకాణానికి తేలిపోతూ నడిచాను. అక్కకు ఇచ్చిన మాట దారిలో ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. వచ్చినా, పేరు చెప్పలేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్నేమో.

నాలుగు రోజులకు నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి వాళ్లమ్మతో కలిసి మా దుకాణానికి వచ్చింది. నన్ను చూసి సంబరపడింది. అక్క వాళ్ల చీరకు గుడ్డ తీస్తుంటే ఆ అమ్మాయి నన్ను అడిగింది.

"క్లాసుల చెప్పింది ఈ ఆంటీ గురించేనా? చదువు రాకున్నా నీ పాఠం మొత్తం వింటరని?" తర్వాత అక్క వైపు తిరిగింది. "మా మేడంకు ఎంత నచ్చిందో ఆంటీ. అందరం మీ గురించి నోట్స్‌ల రాసుకున్నం."

ఆ అమ్మాయి మంచి మనసుతోనే అంది. క్యాషియర్ తల ఎత్తాడు. ఎదురు కౌంటర్లో మడతలు పెడుతున్న ఇద్దరు ఆగిపోయారు. అక్క మీటరు కర్రతో గుడ్డ కొలిచి, కత్తెర పెట్టి, ఎప్పటిలాగే నిటారుగా కోసి వాళ్లకు ఇచ్చింది. బిల్లు నేను రాశాను. ఆమె నా వైపు చూడలేదు.

సేఠ్ ఆమెను ఏమీ అనలేదు. ఆయనకు చాలా ఏళ్లుగా తెలుసట. కానీ క్యాషియర్ ఆ రోజు నుంచి ఆమెకు ఏ చీటీ ఇచ్చినా గట్టిగా చదివి వినిపించేవాడు. సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. అతను చదువుతున్నంతసేపూ ఆమె బల్ల మీది గుడ్డను చేత్తో సాఫు చేస్తూ నిలబడేది.

నాతో పని మాటలు మాత్రం మాట్లాడేది. అట్ట ముక్కలు ఇవ్వడానికి నాకు మొహం చెల్లలేదు. మూడు వారాలు అట్లా గడిచాయి. ఒక సాయంత్రం ఆమె నాంపల్లి స్టేషన్‌కు నడుస్తుంటే వెనకే వెళ్లాను. ఆమెది బోరబండ, లోకల్ రైల్లో వెళ్లేది.

"తప్పైంది అక్కా," అన్నాను.

ఆమె నడక ఆపలేదు. కొంత దూరం పోయాక అడిగింది. "గా మాట ఏంది? నా గురించి చెప్పినవ్ గదా."

"ఐరనీ."

"దాని అర్థం చెప్పు. ఇంగ్లిష్‌ల చెప్పేది నాకు వస్తది. తెలుగుల చెప్పు."

అప్పటిదాకా ఆ నిర్వచనాన్ని తెలుగులో ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా చెప్పుకోలేదు. ఆటోల చప్పుడు మధ్య తడబడుతూ ప్రయత్నించాను. మనం ఒకటి అనుకుంటాం, అసలు సంగతి సరిగ్గా దానికి ఎదురుగా ఉంటుంది, అది చూసి నవ్వూ వస్తుంది, బాధా వేస్తుంది అన్నాను.

అక్క ఆలోచించింది. "చదువురానిదాన్ని, నీ మాట ఒక్కటి గూడ బయటికి పోనియ్యలే నేను. ఇంటి ముచ్చట్లు ఎన్ని చెప్పినవ్ నాకు. నువ్వు చదువుకున్నదానివి, ఏది చెప్పొద్దో నీకే తెల్వకపాయె. గిది గూడ గదే గదా?"

"ఔ అక్కా," అన్నాను.

ఆమె క్షమించానని అనలేదు. రైలు వస్తోందని స్టేషన్ లోపలికి వెళ్లిపోయింది. మరుసటి సోమవారం మాత్రం గుడ్డ ప్యాకెట్ ఒకటి నా ముందుకు జరిపి, దాని మీద అచ్చువేసిన షేడ్ నంబరు ముందున్న ఇంగ్లిష్ అక్షరం చూపించి, "గిది ఏంది?" అంది. అంకెలు ఆమెకు వచ్చు. అక్షరాలే కావాలి. తెలుగుతో మొదలుపెడదామంటే ఒప్పుకోలేదు. తానుల మీద తెలుగు ఉండదు కదా అంది. అందుకని ఆ ప్యాకెట్ల మీది అక్షరాలతోనే మొదలుపెట్టాం. దుకాణంలో ఎవరి ముందూ వద్దంది. అందుకే అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా నడిచే దారే మా క్లాసు అయింది.

వేసవి వచ్చేసరికి కూడబలుక్కుంటూ బోర్డులు చదవడం మొదలైంది. ఆమె ఒక బోర్డు ముందు ఆగేది, జనం తోసుకుంటూ పోతుంటే పక్కకు జరిగి మళ్లీ చూసేది. నేను అందించబోతే చెయ్యి అడ్డం పెట్టేది. నేను నోరు మూసుకుని నిలబడటం నేర్చుకున్నాను. నిర్వచనాలు బట్టీ పట్టడం కంటే నాకు అదే కష్టమైంది.

ఒక సాయంత్రం స్టేషన్ ఎదుట పొడుగాటి పేరున్న లాడ్జి బోర్డు ఒకటి చదవడం మొదలుపెట్టింది. నాలుగు అక్షరాలు చదివింది. ఐదోదాని దగ్గర చాలాసేపు ఆగింది. ఇంతలో రైలు కూత వినబడింది.

"మిగిలింది రేపు చదువుత," అంది. "నువ్వు చెప్పకు." సంచి చంకలో పెట్టుకుని ప్లాట్‌ఫారం వైపు గబగబా నడిచింది.