పలక మీద ఒకే పేరు

మార్కాపురంలో పలకల మిల్లుల పక్కనుంచి పోయేటప్పుడు, రాయిని కోసే చోట పారే నీళ్ళ వాసన ఒకటి తగులుతుంది. కాస్త మట్టి, కాస్త ఇనుము కలిసినట్టుండే ఆ వాసన సోకగానే నాకు మా ఊరి ప్రాథమిక బడీ, ఐదో తరగతిలో నా చేతికిచ్చిన లీడరు పలకా గుర్తొస్తాయి.

వానలు వెనకబట్టాక అడివి నుంచి గంపలతో సీతాఫలాలు దిగేవి. వాటి గింజలు జేబుల్లో దాచుకుని తరగతిలో ఒకరిమీద ఒకరం విసురుకునేవాళ్ళం. చలికాలంలో రేగుపళ్ళు పిసికి ఆ జేబులే ఎర్రగా చేసుకునేవాళ్ళం. ముక్కుపొడుం పీల్చి పంచె అంచుకు వేళ్ళు తుడుచుకునే మా హెడ్మాస్టరు, పెద్దయ్యవారు పెట్టిన పద్ధతి ఒకటుండేది. గొడవ చేసినవాళ్ళ పేర్లు లీడరు పలక మీద రాయాలి. శనివారం సాయంత్రానికి పలక ఖాళీగా ఉంటే బడి బాగా నడిచినట్టు లెక్క, మరుసటి వారమంతా గంట కొట్టే పని లీడరుదే. చింతకొమ్మకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క అది, కొడితే చేలల్లోకి వినిపించేది. దానికోసం నేను ఎవరి పేరూ రాసేవాణ్ణి కాదు.

రెండో తరగతిలో గురవయ్య ఉండేవాడు. గొర్రెలు కాసే వాళ్ళ నాయన చొక్కానే మోకాళ్ళ దాకా వేసుకొచ్చేవాడు, మంద వాసన వచ్చేది. మా తరగతివాళ్ళు, అంటే నా స్నేహితులే, గేటుకు అడ్డం నిలబడి "మే అను, పోనిస్తాం" అనేవాళ్ళు. వాడు అనేవాడు. చాల్లేదని మళ్ళీ అనిపించేవాళ్ళు. నేను పలక చంకన పెట్టుకుని చూసేవాణ్ణి, ఒకటి రెండుసార్లు నవ్వాను కూడా. వాడు బడికి రావడం తగ్గింది. ఏడుస్తా పోయేకంటే గొర్రెల వెంట రమ్మని వాళ్ళ నాయన అన్నాడట.

ఆ సంగతి నాకు చెప్పింది నాలుగో తరగతి రాహేలు. వాళ్ళమ్మ కూలికి పోయేది.

"లీడరువి గదన్నా. ఈళ్ళ పేర్లు రాయి."

రాస్తే గంట పోతుందన్నాను. "అట్లయితే గంటే కొట్టుకో," అని ఆమె వెళ్ళిపోయింది.

మర్నాడు గురవయ్యను చెయ్యి పట్టుకుని తనే తీసుకొచ్చింది. మావాళ్ళు అడ్డం నిలబడగానే వాడికంటే ముందు తను "మే" అంది. వెనకున్న నాలుగో తరగతి ఆడపిల్లలు అందుకున్నారు, తర్వాత మూడో తరగతి, చివరికి ఒకటో తరగతి బుడతలు కూడా అందుకునేసరికి గేటు దగ్గర మంద దిగినట్టయింది. ఒకమ్మాయి మా శీనుగాడి చొక్కా వాసన చూసి, "ఏందన్నా, నీ కాడ గూడా గొర్రె వాసనే వస్తాంది," అంది. గురవయ్య నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. ఆ రోజుతో ఆ ఆటలో సరదా పోయింది, మావాళ్ళు మానుకున్నారు.

గోల విని పెద్దయ్యవారు బయటికొచ్చి, ఎవరు మొదలుపెట్టారని నన్ను అడిగారు. పలక మీద రాహేలు అని రాశాను. ఆ ఏడాది నేను రాసిన పేరు అదొక్కటే. ఆమెను మధ్యాహ్నం దాకా ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టారు. ఎందుకు చేసిందో ఆమె చెప్పలేదు, నేనూ చెప్పలేదు. గురవయ్య కిటికీలోంచి ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. మళ్ళీ బడి మానలేదు.

మొన్న అదే బడిలో, పెద్దపిల్లలు చిన్నపిల్లల్ని ఏడిపించకుండా పిల్లలే చూసుకోవడం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను లీడరుగా ఉన్న ఏడాది గొడవలే లేవని పెద్దయ్యవారు చాలాకాలం చెప్పేవారట, ఆ మాట ఊళ్ళో నిలిచిపోయింది. "ఏం చేసినారు సార్?" అని ఒక పిల్ల అడిగింది. నచ్చజెప్పి మాన్పించానన్నాను. పిల్లలు నోటుబుక్కుల్లో రాసుకున్నారు.

వారం తిరక్కముందే మళ్ళీ వెళ్ళి జరిగింది చెప్పాను. బడి చుట్టూ మందలు తిరిగిన బీళ్ళు ఇప్పుడు ఇళ్ళ ప్లాట్లు. అడిగిన పిల్లే నా పేరు కొట్టేసి రాహేలు అని రాసింది.

"ఇంటిపేరేంది సార్? ఇప్పుడు యాడుంది?"

రాహేలు ఐదో తరగతి అయ్యాక వాళ్ళ కుటుంబం పని వెతుక్కుంటూ ఎటో వెళ్ళిపోయింది. కొమరోలు బస్సులో కండక్టరుగా ఉన్న గురవయ్యకూ తెలియదు. తెలియదమ్మా అన్నాను. ఆ పిల్ల పేరు పక్కన కొంచెం చోటు వదిలి పుస్తకం మూసింది.