సెవిల్ ప్రయాణంలో నేను అడగని ప్రశ్న

2021 వేసవి. ఐర్లండ్‌లో ఎన్నిస్ అనే ఊళ్ళోని మా ట్రావెల్ ఆఫీసు కోవిడ్ వల్ల ఇంకా మూసే ఉంది. వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని పనిచేస్తున్నాను. నా పని ఐటినెరరీలు రాయడం, అంటే ప్రయాణికులు ఏ రోజు, ఏ గంటకు, ఎక్కడ ఉండాలో కాగితం మీద పెట్టడం. దక్షిణ స్పెయిన్‌లోని సెవిల్ నగరం నా వాటాకు వచ్చింది. అక్కడి పెద్ద చర్చి గోపురం ఎక్కడానికి మెట్లు కాదు, ఏటవాలు దారి ఉంటుందని, పొద్దున్నే రైలెక్కితే ముప్పావు గంటలో కార్డోబా చేరవచ్చని నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

చూసింది మాత్రం లేదు. నాది ఇండియన్ పాస్‌పోర్టు. ఐర్లండ్‌లో ఎన్నేళ్ళున్నా స్పెయిన్ వెళ్ళాలంటే మాకు వేరే వీసా, యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా కావాలి. నానా తంటాలు పడి సంపాదించిన అపాయింట్‌మెంటు 2020 మార్చిలో లాక్‌డౌన్ పాలైంది.

ఆ వేసవిలోనే, చెర్రీవుడ్ అనే ఊళ్ళో ఉండే స్వప్న గారు ఫోన్ చేశారు. భర్త సాఫ్ట్‌వేర్, ఇద్దరు పిల్లలు. "మాకు ఐరిష్ పాస్‌పోర్టులు వచ్చినయండీ! ఇగ వీసా గోల లేదు. ఐదు రోజులు సెవిల్ ప్లాన్ చెయ్యండి. కార్డోబా, రోండా గూడ చూడాలె."

నా కడుపు మండిపోయింది. నేను రాసిపెట్టుకున్న ఊళ్ళన్నీ ఆవిడ నోట వింటుంటే మరీనూ. మా ఫారంలో ఒక్కొక్కరి పాస్‌పోర్టు ఏ దేశానిదో అడిగి రాసే గడి ఉంటుంది. ఈ వృత్తిలో మొదట అడగాల్సిన ప్రశ్న అదే. ఆ పాస్‌పోర్టుల మాట మళ్ళీ వినే ఓపిక లేక, నలుగురి పేర్ల ఎదురుగా ఐరిష్ అని నేనే రాసేశాను.

ప్రయాణానికి తొమ్మిది రోజుల ముందు విమానం చెకిన్ కోసం వాళ్ళ పాస్‌పోర్టుల ఫోటోలు వచ్చాయి. మూడు మెరూన్ రంగు ఐరిష్‌వి. నాలుగోది, స్వప్న గారిది, నా దానిలాగే నీలం రంగు ఇండియన్ పాస్‌పోర్టు.

"మీ వీసా ఏదండీ?" అని ఫోన్ చేసి అడిగాను.

"నాకెందుకు? మా ఆయనది ఐరిష్ పాస్‌పోర్టే కదా. ఈడ ఉండేటందుకు నా కార్డు నాకున్నది, వ్యాక్సిన్ సర్టిఫికెట్ ఉన్నది. సాలదా?"

చాలదు. ముందే అడిగి ఉంటే వీసాకు వ్యవధి ఉండేది. ఇప్పుడు ఎన్ని చోట్ల ప్రయత్నించినా దగ్గరలో అపాయింట్‌మెంటు దొరకలేదు. ప్రయాణం మానేద్దామన్నారు భర్త. ఆవిడ ఒప్పుకోలేదు. "పిల్లలు ఏడాదిన్నర సంది ఈ రెండు రూముల్లనే ఉన్నరు. మీరు పోయి రాండ్రి" అని ముగ్గురినీ పంపించారు.

మూడో రోజు పొద్దున ఆవిడ నుంచి ఫోన్. తిట్టడానికే అనుకున్నాను.

"వాళ్ళిప్పుడు ఏడ ఉంటరండీ?"

"కార్డోబా రైల్లో. కుడివైపు కూర్చోమని రాశాను."

"మీరు శాన సార్లు పోయినట్టున్నరు."

"ఒక్కసారీ వెళ్ళలేదండీ. నాకూ వీసా రాలేదు." ఇక ఆగలేకపోయాను. "మీ పాస్‌పోర్టు సంగతి నేను అడగాల్సింది. కుళ్ళుతో అడగలేదు. మీరందరూ ఎగిరిపోతున్నారని."

 

"నాకు శాన కోపమొస్తుంది మీ మీద" అన్నారావిడ. "నిన్న మావోడు గోపురం మీదికెళ్ళి ఫోటో పెట్టిండు. ఇట్స్ గ్రాండ్ మామ్, అని. నా కొడుకే కదా, నాకు కుళ్ళొచ్చిందండీ. ఇంకా తెరిచి చూడలే." ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. "సరే, రైలు దిగినంక ఏడికి పోతరు? చెప్పండి."

చెప్పాను. రోమన్ల కాలం నాటి వంతెన, తెల్లగోడల సందులు, కిటికీలకు వేలాడే పూలకుండీలు. మా ఇద్దరిలో ఎవరూ చూడని ఊరిని భోజనాల వేళ దాకా గంట గంటకూ చూపించాను. మధ్యలో ఆవిడ ఆ ఫోటో తెరిచారు.

ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా ఒక్కొక్కరి పేరూ పెట్టి పాస్‌పోర్టు ఏ దేశానిదని అడుగుతాను. ఐరిష్ అని చెప్పినప్పుడల్లా నాకు ఇప్పటికీ చురుక్కుమంటుంది. చురుక్కుమన్నాకే గడిలో రాస్తాను.