రేకు డబ్బాల మరమనిషి

ఇంకాస్త దగ్గరికి జరగండి, ఆ గోడకు ఆనుకుని కూర్చోండి. ఇది గొంతెత్తి చెప్పగలిగే ముచ్చట కాదు.

ఎనభైల మొదట్లో మేము వరంగల్‌లో జంపఖానాలు నేసి బతికేవాళ్ళం. నా పెద్దబిడ్డ అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసింది. పదితో చదువు చాలించి మగ్గం మీద కూర్చోవాలన్నది వాళ్ళ బాపు మాట. ఇంటరు చదువుతానని అది ఏడ్చి ఏడ్చి ఆయనను ఒక మాటకు ఒప్పించింది. హనుమకొండలో బడిపిల్లల సైన్సు పోటీ ఉంది, అందులో గెలిస్తే కాలేజీకి పంపాలి.

అది, ఇంకో ముగ్గురు ఆడపిల్లలు కలిసి మా అరుగు మీద రేకు డబ్బాలతో మరమనిషిని చేశారు. పొట్టలో టార్చి సెల్లు, కాళ్ళలో పాత టేప్‌రికార్డరు నుంచి తీసిన మోటారు. మీట నొక్కితే చక్రాల మీద కదిలేది, నూలుదారాలు బిగిసి చేతులు దండం పెట్టేవి. పక్కింటి వదిన చూసి, "అల్లుడు మంచిగున్నడు, తిండి కర్సు లేదు" అని నవ్వేది.

పోటీకి నేనూ వెంట వెళ్ళాను. హాలులో నేల మీద నడిపించి చూస్తే చక్కగా నడిచింది. అంతలో మా హెడ్మాస్టరు సారు పసుపు, కుంకుమ, కొబ్బరికాయ తెచ్చాడు. కొత్త లారీ కొన్నా, కొత్త మగ్గం బిగించినా కాయ కొట్టనిదే మొదలుపెట్టే అలవాటు మాకు లేదు. పిల్లలూ చేతులు జోడించి నిలబడ్డారు. వద్దనాలని ఎవరికీ తోచలేదు. సారు దాని పాదాల ముందు రాయి పెట్టి, లారీకి కొట్టినట్టే కొట్టాడు. నీళ్ళు చిమ్మి మోటారులోకి దిగాయి.

జడ్జీలు వచ్చారు. మీట నొక్కితే కదల్లేదు. నా బిడ్డ వోణీ కొంగుతో తుడిచింది, నోటితో ఊదింది. ఎండకు పెట్టి తెస్తాం, కొంచెం ఆగండి సార్ అని బతిమాలింది. వాళ్ళు పక్క బడి వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. సారేమో పాపం, కాయ కుళ్ళిందేమోనని చిప్పలు వాసన చూస్తూ నిలబడ్డాడు.

మర్నాటికి తడి ఆరింది. మా వాకిట్లో అది నడిచింది, దండం పెట్టింది. బిడ్డ ఉరుక్కుంటూ పోయి వాళ్ళ బాపును పిలుచుకొచ్చింది.

"సూడు బాపూ, నడుస్తాంది. మేం తప్పు జెయ్యలే."

ఆయన నిలబడి చివరిదాకా చూశాడు.

"మంచిగ జేసిన్రు బిడ్డా. గని గెలువలే గద. రేపటిసంది మగ్గం మీద కూసో."

నేను అడ్డం పడ్డాను. అన్నం మానేశాను. ఆయన మాట మారలేదు. బిడ్డ ఈసారి ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. తెల్లారి పోయి మగ్గం మీద కూర్చుంది.

దానితో మరమనిషిని చేసిన ఆ ముగ్గురూ కాలేజీ బస్సుకు మా వాకిటి ముందు నుంచే పోయేవాళ్ళు. ఆ వేళకు లోపల మగ్గం చప్పుడు ఆగేది. వాళ్ళు సందు దాటాక మళ్ళీ మొదలయ్యేది. ఎన్నేళ్ళు విన్నానో ఆ ఆగడాన్ని.

సరే, పోయి రండి. మీ గడప చల్లగుండాలి. మీ ఇంటి ఆడపిల్లలు ఎంత చదువు అడిగితే అంత చదువు వాళ్ళకు దక్కాలి.