రేకుల ప్రెస్సు లేని ఆల్బమ్

మా బ్యాండు కొత్త ఆల్బమ్ మాట ఎత్తితేనే నాకు రోత పుడుతుంది. అందులో బేస్ గిటార్ వాయించినవాణ్ణి నేనే కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుందనుకున్నాను.

మొదటి ఆల్బమ్ హోసూరు పక్కన జూజువాడిలో, లారీలు ఆగే చోట ఒక రేకుల షెడ్డులో చేశాం. ఆదివారం మా ఫ్యాక్టరీకి సెలవు, పక్క షెడ్డులో రేకులు కొట్టే ప్రెస్సుకు కాదు. రేకు పట్టీ పెడితే ఏడు దెబ్బలు పడేవి. పట్టీ అయిపోయేది. ఇంకొకటి పెట్టేదాకా కాస్త ఖాళీ. మళ్ళీ ఏడు. ఆ చప్పుడు మా మైకుల్లోకి దూరేది. గోడకు గోనెసంచులు కొట్టాం, పాత పరుపు ఆనించాం, ఏమీ లాభం లేకపోయింది. చివరికి విసుగొచ్చి ఆ దెబ్బలతోపాటే వాయించడం మొదలుపెట్టాం. ఏడు లెక్క, ఆ తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో నా బేస్ ఒక్కటే మోగేది. బ్యాండులో నా చోటు అదే. మెటల్ సంగీతం వినే కుర్రాళ్ళు ఇంత తిరకాసు తాళం ఎట్లా కనిపెట్టారని అడిగితే, మేం మేధావుల్లా తలలూపేవాళ్ళం.

కొత్త ఆల్బమ్ బెంగళూరు స్టూడియోలో చేశాం. నేను పోయి నా భాగమంతా వాయించి వచ్చాను. మా గిటారిస్టు ఒక పాట ముందుగా ఫోన్‌కు పంపితే, మత్తిగిరిలో మా ఇంట్లో దాన్నే పదే పదే పెట్టాను. "ఇదీ నా బేసంటే" అని నా భార్యకు వినిపించాను.

"బాగానే ఉండాదిలే, అన్నం ఆరిపోతా ఉంది" అంది.

మరుసటి ఆదివారం మిగతావి వినడానికి కృష్ణగిరి వెళ్ళాను. గిటారిస్టు వాళ్ళది అక్కడ హార్డ్‌వేర్ కొట్టు, పైన అతని గది. పాటలన్నీ నున్నగా, నాలుగు లెక్కలో నడిచాయి. అరుపు పోయి పెళ్ళి రిసెప్షన్‌లో పాడే గొంతు వచ్చింది. ఆఖరి పాట మొదట్లో మాత్రం ప్రెస్సు చప్పుడు వినిపించింది. మా ప్రెస్సు కాదు.

"ఇది యాడదప్పా?"

"లాప్‌టాప్‌లో దొరికింది."

"మనది జూజువాడిలోనే ఉండాది కదా, రికార్డు చేసుకోని రావాల్సింది."

"పోయినానప్పా, చేసినాను కూడా. అది ప్రెస్సు మాదిరి లేదు."

నాకు ఒళ్ళు మండింది. "మరి ఆ ఖాళీ ఏమైంది?" అన్నాను.

"ఖాళీ వస్తే పాట అయిపోయిందనుకోని జనం మార్చేస్తారు. తీసేసినాం."

"పోనీ, నాకు పంపిన పాటలో నా బేసన్నా బాగా పెట్టినావు."

అతను లాప్‌టాప్ మూత సగం దించాడు. "అది నువ్వు కాదప్పా, కీబోర్డు. నువ్వు వాయించింది ఈ లెక్కకు కుదరలేదు. ఆల్బమ్ మొత్తం అంతే. పేరు మాత్రం నీదే వేసినాం."

చెప్పులేసుకుని బస్టాండుకు నడిచాను. హోసూరు దాకా తిట్లు కూడబెట్టుకుంటూనే ఉన్నాను.

ఇంటికొచ్చేసరికి నా భార్య వంటింట్లో ఆ పాటే పెట్టుకుని ఉంది. "ఇదో, మీ బేసు ఇప్పుడే వస్తాది" అంది.

పక్కనే నిలబడి విన్నాను. అంతా తెలిసి కూడా అది నా చెయ్యిలాగే వినిపించింది. అసలైన రోత అప్పుడు పుట్టింది, నా చెవుల మీద.