కడ్డీ కరిచే మేస్త్రి

2013 ఆగస్టు పదకొండు, ఆదివారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు, మబ్బు పట్టి గాలి ఆడని వేళ, కుళాయిల మేస్త్రితో నాకు పరిచయమైంది. నేనప్పుడు ఆ వీధిలో కొత్తగా అద్దెకు దిగినవాడను. మేస్త్రి బావమరిది తన వ్యానులో ఇరుగుపొరుగును జలపాతానికి తీసుకుపోతూ, మిగిలిన సీటు నాకిచ్చాడు.

మేస్త్రి డ్రైవరుకు వీపు పెట్టి, మా అందరికీ ఎదురుగా కూర్చున్నాడు.

గోడలో కారే గొట్టాన్ని గోడ పగలగొట్టకుండా కనిపెట్టడం అతని వృత్తి. ఇనుపకడ్డీ ఒక కొన గోడకు ఆనించి, రెండవ కొనకు చెవి ఒగ్గి వినేవాడు.

"గోడలకి చెవులుంటాయో లేదో గానీ, మా బావ చెవి మాత్రం గోడకే ఉంటుంది," అన్నాడు బావమరిది వ్యాను నడుపుతూ.

అందరూ నవ్విన తరువాత మేస్త్రి నవ్వాడు.

దారిలో టీకి దిగినప్పుడు అతని భార్య తమ్ముణ్ణి పక్కకు పిలిచింది. నేను దగ్గరలోనే ఉన్నాను.

"ఏడాదిగా మీ బావ వరస బాగోలేదురా. వెనకనుంచి పిలిస్తే పలకరు. ఫోను మోగితే తియ్యరు, జేబులో కుక్కేస్తారు. ఏ ఆడది మాట్లాడినా మూతికేసి గుడ్లప్పగించి చూస్తారు."

"ఈ వయసులో బావనెవరు పిలుస్తారక్కా? పైపు పగిలినవాళ్ళు తప్ప."

"నవ్వకు. కడ్డీ చెవికి పెట్టడం కూడా మానేసి పళ్ళతో కరుస్తున్నారు. అడిగితే కొత్త పద్ధతట. ఈ మనిషి నా దగ్గర ఏదో దాస్తున్నారు. అదేంటో తేలకపోతే నేను చెల్లి ఇంటికి వెళ్ళిపోతాను."

నిప్పు లేనిదే పొగ రాదని నేనూ అతణ్ణి కనిపెట్టసాగాను. నేను మాట్లాడినా నా మూతికేసే చూశాడు. నా బోసినోట్లో చూడదగ్గదేమీ లేదు. నా అనుమానం మరింత పెరిగింది.

జలపాతం దగ్గర ఏరు ఏరంతా కొండకొమ్ము నుంచి తెగిపడుతున్నది. పడిన నీరు తుంపరై పైకి లేచి మా బట్టలు తడిపింది. పట్టుకున్న కంచె ఇనుపకమ్మీ చేతికింద అదురుతున్నది. ఆ హోరులో ఎవరి మాటా ఎవరికీ వినబడక, అందరం సైగలకు దిగాము.

మేస్త్రి భార్య నాలుగడుగుల దూరంలో నిలబడి భర్తను చూస్తూ పెదవులు కదిపింది. మరుక్షణమే అతడు దగ్గరకు వచ్చి ఆమె చెవిలో ఏదో అరిచాడు. ఆమె ముఖం పాలిపోయింది. కాసేపు అతణ్ణే చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ ఏదో అంది. ఈసారి అతడు తెల్లబోయి కొంగుకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆమె కొంగు దించింది. అతడు తల వంచాడు.

అక్కడ జరిగిన మాటలు చాలాకాలానికి ఆమెయే నాకు చెప్పింది. "ఇంటికి పదండి, ఆ ఫోను తొట్టెలో ముంచి, అదెవత్తో తేలుస్తాను" అని గొంతు విప్పకుండానే తిట్టుకున్నదట. "ఎవత్తీ లేదే, ఫోను ముంచకు, గిరాకీలు పోతాయి" అని అతని జవాబు. పోయిన వానాకాలం నుంచి చెవులు పనిచెయ్యడం లేదనీ, కడ్డీ కరిస్తే నీటి అదురు పళ్ళకు తెలుస్తున్నదనీ అప్పుడు ఒప్పుకున్నాడట.

"మీ తమ్ముడికి చెప్పకు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. చెవుడొచ్చిన మేస్త్రికి గోడెవరు చూపిస్తారు?"

తిరుగుప్రయాణంలో ఆమె భర్తకు సరిగ్గా ఎదురుగా కూర్చుంది. తమ్ముడు అతని వెనకనుంచి ఏమన్నా, ఆ మాటను చప్పుడు లేకుండా పెదవులతో తిరిగి పలికేది. మేస్త్రి అందరితోపాటే నవ్వాడు.

"ఏంటక్కా, నోరాడిస్తున్నావు?" అన్నాడు తమ్ముడు అద్దంలో చూసి.

"నీ జోకులు గట్టిగా ఉన్నాయిరా, నములుతున్నా."

మరునాటినుంచి ఆమె ఫోను తన దగ్గర పెట్టుకుని, పని ఉన్నచోటికల్లా భర్త వెంట వెళ్ళింది. అక్కకు అనుమానం ముదిరిందని తమ్ముడు వీధంతా చెప్పాడు, ఆమె కాదనలేదు. మేస్త్రి మరి ఐదేళ్ళు గోడలు చూసి, ముందుపళ్ళు రెండు కదలడంతో 2018లో పని మానాడు. కడ్డీ వారి వంటింట్లో మేకుకు వేలాడుతున్నది. బావమరిది వ్యాను అమ్మివేశాడు.