ఊరికో గడియారం

శిష్యులు మించిపోతే గురువు పొంగిపోతాడని చెప్తారు. చెప్పేవాళ్లను ఓసారి గద్వాల కంప్యూటర్ సెంటరు శ్రవణ్ కుమార్ పక్కన కూర్చోబెట్టాలి.

ఎడ్లు బండలాగే పోటీలకు 2006లో కంప్యూటర్ పెట్టినవాడు అతనే. గడువులోగా ఎక్కువ దూరం లాగిన జతదే గెలుపు. చిక్కంతా నియమాల్లో ఉంది. తాడు తెగితే ధరూర్‌లో గడియారం ఆపుతారు, గట్టు అనే ఊళ్లో ఆపరు. ఊరికో ప్రోగ్రాం రాయలేక అతను ఏకంగా ఒక చిన్న భాషే తయారుచేశాడు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే తెలుగు మాటలు: మొదలు, తాడు తెగితే, తాడు కడితే, ఆపు, తీసెయ్. ఏ ఊరి నియమం ఆ ఊరు రాసిస్తే కంప్యూటర్ కాలం లెక్కగడుతుంది. “ఎవరైనా రాసుకోవచ్చు” అని మైకులో చెప్పుకునేవాడు, ఎవరూ రాయరన్న ధీమాతో.

అతని దగ్గర నేర్చుకునే వనజ రాసింది. అతను వనపర్తికి పెళ్లికి పోయిన రోజు గట్టు పోటీని ఒక్కతే నడిపింది. ఆ వారమే ధరూర్ కమిటీ పెద్ద రామన్న ఫోన్ చేశాడు.

“సారూ, మా పోటీకి ఆ పిల్లను పంపుండ్రి.”

“నేనొస్త గద!”

“రాండ్రి, వద్దంటమా? ఎడ్లను జూసి పోదురు.”

ఆ రోజు శ్రవణ్ కుమార్‌కు అన్నం సయించలేదు. భాషలోంచి ‘ఆపు’ను పీకేశాడు. ధరూర్‌లో ఆమె తడబడాలి, తనను పిలవాలి, మైకులో తన పేరు వినబడాలి.

పోటీ రోజు వనజ నియమం కొట్టింది. ఆపు అంటే తెలియదంది కంప్యూటర్. కుర్చీ వెనకే కాచుకున్నాడతను.

“ఏమైంది వనజా? నేను జూడాల్నా?”

“వద్దు సార్, అయితది.”

తాడు తెగగానే రెండో గడియారం మొదలయ్యేలా, కట్టాక ఆ కాలాన్ని మొదటి దాంట్లోంచి తీసేసేలా రాసింది. అన్నీ అతను పుట్టించిన మాటలే. నిజంగానే ఒక జతకు తాడు తెగింది. లెక్క తప్పలేదు.

రామన్న మెచ్చుకుంటే ఆమె సిగ్గుపడింది. “నాదేముంది కాకా? ఆపు లేకున్నా నడుస్తదనే సారు తీసేసిండు. గంత ఆలోచన నాకేడిది?”

రామన్న మైకు అందుకుని అదే చెప్పాడు. శ్రవణ్ కుమార్ పేరు మైదానమంతా మోగింది. చప్పట్లకు దండం పెడుతూనే, ఆ పేరు కూడా ఆమె ఇప్పించిందేనని అతను లోలోపల ఉడికిపోయాడు.

“ఇంకేం మాటలు తీసెయ్యొచ్చు సార్?” అడిగింది వనజ, నిజంగా తెలుసుకుందామనే.

“ఆలోచిస్త,” అన్నాడు. అబద్ధం కాదు.